మయూమి నేర్పిన మాటలు

బారిడీహ్, జంషెడ్‌పూర్
29 జూన్ 1986

ప్రియమైన చెల్లి కస్తూరికి,

మీ అప్ప పోలమ్మ రాసుకున్నది. ఇక్కడ నేనూ, మీ బావా బాగున్నాం. నువ్వూ, బలరామూ, చిలకా, చిన్నోళ్ళిద్దరూ బాగున్నారని తలుత్తన్నాను. ఖరగ్‌పూర్‌లో వానలు పడ్డాయా? ఇక్కడ ఇంకా ఉడుకే.

నీకో కబురు. నాకు పని దొరికింది. ఏటి పనో చెప్తే నవ్వుతావు. కంపెనీలో కొత్త మిషను బిగించడానికి జపాను నించి ఇంజినీర్లు దిగినారు. అందులో ఒకాయన పెళ్ళాన్నీ, కూతుర్నీ కూడా తెచ్చుకున్నాడు. సర్క్యూట్ హౌస్ వేపు బంగళా ఇచ్చారు. ఆయన కారు తోలే దేముడు మన టెక్కలి మనిషే, మీ బావకి తెలిసినోడు. "వదినా, పిల్లని చూసుకోడానికి ఆయా కావాలంట. నువ్వు ఏడు చదివేవు కదా, రా" అన్నాడు. "నాకేటి తెలుసురా వాళ్ళ బాస" అంటే "వాళ్ళకి మాత్రం నీ బాస తెలుసేటి" అన్నాడు. ఎల్లాను.

పిల్ల పేరు మయూమి. ఆరేళ్ళు. నా నోటికి మయూరి అని వత్తాది. అలా పిలిస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని "మ, యూ, మి" అని నాకు పాఠం చెప్తాది. సాబ్‌కి ఇంగ్లీషు వచ్చు. మేంసాబ్‌కి జపాను మాట తప్పితే ఏదీ రాదు. మొదటి వారం నేనూ ఆ పిల్లా మూగోళ్ళలాగ చేతులూపుకున్నాం.

తరవాత కేసెట్లు మొదలైనాయి. టీవీ కింద ఒక పెట్టె ఉంటాది, అందులో కేసెట్టు పెడితే బొమ్మలు ఆడతాయి. నిజం మనుషులు కాదు, గీసిన బొమ్మలు. కళ్ళు సాసర్లంత. అక్కడ టీవీలో వచ్చినవి ఆ పిల్ల అమ్మమ్మ ఎక్కించి పంపుతాదంట. మయూమి ఈడు గుంట ఒకటి, దాని మామ్మా కలిసి ఏటి మీద పడవ నడుపుతారు. ప్రతి కతలోనూ ఆ గుంట ఎక్కడో అక్కడ పడిపోతాది, లేచి దులుపుకుంటాది. మధ్యాన్నం అన్నం తిన్నాక మయూమి నా ఒళ్ళో కూచుని అవే చూత్తాది. చూసిందే చూత్తాది. ఒక్కో ముక్కకీ నా గెడ్డం పట్టుకుని తనవేపు తిప్పుకుని ఆ మాట నాచేత అనిపిత్తాది.

ఇప్పుడు నాకు ఎన్ని మాటలొచ్చో చూడు. ఇంటికొచ్చినోళ్ళు "తదైమా" అనాలి, వచ్చేసేనని. ఇంట్లో ఉన్నోళ్ళు "ఒకాయెరి" అనాలి, వచ్చేవా అని. అన్నం ముందు చేతులు జోడించి "ఇతదాకిమాస్". పొద్దున్న నేను గేటు తియ్యగానే ఆ పిల్ల మెట్ల మీంచి "ఒకాయెరి" అని అరుత్తాది. నేను వాళ్ళింటికి పనికెల్తే వచ్చేవా అంటాది చూడు! అది తప్పని తెలిసినా దిద్దుకోదు. నాకూ దిద్దాలని లేదు.

కస్తూరీ, నువ్వు మాటిచ్చేవు. జనవరిలో బళ్ళు తెరిచేటప్పటికి చిలకని పంపాలి. మా వీధి చివరే తెలుగు బడి. నాకు పద్నాలుగేళ్ళుగా కడుపు పండలేదని నేను ఎవరి ముందూ ఏడవలేదు, నీ ముందు తప్ప. నువ్వే అన్నావు, "ముగ్గురిలో ఒకర్ని నీ దగ్గర పెంచు అప్పా" అని. ఆ మాట మర్చిపోకు.

నీ అప్ప
పోలమ్మ


మథురాకాటి, ఖరగ్‌పూర్
17 జూలై 1986

ప్రియమైన అప్పకి,

కస్తూరి నమస్కారాలు. నీ ఉత్తరం వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ తిన్నగా మాటాడలేదు. చిలక నీ ఉత్తరం లాక్కుని చదివింది. మీ మరిది డ్యూటీ నించి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పేడో లేదో "తదైమా అను నాన్నా" అని అడ్డంగా నిలబడింది. ఆయన "ఏటే ఇది, బండి తోలి తోలి తల పోతంది, లోపలికి రానీ" అంటే వినదు. చివరికి అన్నాడు. అప్పుడు తప్పుకుంది. ఇప్పుడు చిన్నోళ్ళు కూడా అంటన్నారు. పక్క క్వార్టరు సింహాచలమ్మ పిన్ని మా ఇంట్లో ఏదో మంత్రం పట్టిందనుకుంటంది.

అప్పా, నువ్వు నవ్వుతా రాసిన ఉత్తరం చూసి ఎన్నాళ్ళయింది! అమ్మ పోయినప్పట్నించీ నీ ఉత్తరాల్లో కుశలం తప్ప ఏటీ ఉండీది కాదు. ఆ పిల్ల వల్లైనా నీ నోరు తెరుచుకుంది. కానీ ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆ పిల్ల వాళ్ళ పిల్ల. మిషను బిగించడం అయిపోతే మూటలు కట్టుకుని పోతారు. మరీ గుండెలకి కట్టుకోకు.

చిలకని జనవరిలో పంపుతాను. నా మాట మాటే. మీ మరిది కూడా సరే అన్నాడు. దీనికిప్పుడు ఏడేళ్ళు, కాళ్ళు నేల మీద నిలవవు, గోడలెక్కుతాది. కనిపెట్టుకుని ఉండాలి మరి. "పెద్దమ్మని ఇంకా మాటలు రాయమను" అంటంది. దెబ్బ తగిలితే ఏటంటారో కావాలంట దానికి. రోజుకి నాలుగు తగిలించుకుంటాది కాబట్టి.

బావకి నమస్కారాలు.

నీ చెల్లి
కస్తూరి


బారిడీహ్
11 సెప్టెంబరు 1986

ప్రియమైన కస్తూరికి,

అప్ప ముద్దులు. ఆలస్యం అయింది, ఏటీ అనుకోకు. పొద్దున్న ఏడింటికి బస్సెక్కితే మళ్ళీ సాయంత్రం వచ్చేసరికి పొయ్యి ముందు కూలబడిపోతన్నాను. ఈవేళ మేంసాబ్ దేముడ్ని తీసుకుని సాక్చీ బజారుకి ఎల్లింది. మయూమి తొంగుని నిద్రపోతంది. అందుకని వాళ్ళ వరండాలోనే కూచుని రాత్తన్నాను.

ఆ ఇంట్లో అంతా బాగుందనుకోకు. మేంసాబ్‌కి ఒంట్లో ఏటో, మనసులో ఏటో తెలీదు. పొద్దున్న లేత్తాది, జుట్టు ముడేసుకుంటాది, మధ్యాన్నం మాత్ర వేసుకుని తలుపేసుకుంటాది. ఈ ఊరు ఆమెకి పడలేదు. చిమ్నీల పొగ చూసి కిటికీలన్నీ మూయిత్తాది. ఒకరోజు మయూమి పాలు ఒలకబోత్తే చెంప మీద కొట్టింది, తరవాత తనే నేల మీద కూచుని ఏడిసింది. కొట్టినప్పుడే సాబ్ గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఆయన అరవలేదు గాని ఆ చూపు అరుపు కంటే పాడు. అప్పట్నించీ పిల్లని పూర్తిగా నాకే వదిలేసింది. అది నాకు మేలే అయిందని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

చిలక అడిగిన మాటలు. దెబ్బ తగిలితే "ఇతాయ్". నొప్పి అని. కానీ మా పడవ గుంట ఇతాయ్ అనదు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారతన్నా లేచి నిలబడి "దైజోబు!" అంటాది. ఏటీ కాలేదు, బాగున్నాను అని. అది దాని గొప్ప. ఎవరికీ చెప్పకు అనాలంటే నోటి మీద వేలేసుకుని "నైషో" అంటాది. మళ్ళీ ఒకసారి అనాలంటే "మో ఇక్కాయ్". కేసెట్టు అయిపోయినప్పుడల్లా మయూమి నాకు ఈ మాటే చెప్తాది.

నిన్న ఒక ముచ్చట జరిగింది. వెనకాల జామచెట్టుంది. కాయలు పండినాయి. నేను బట్టలారేత్తన్నాను, ఇటు తిరిగేసరికి ఈ దొంగముండ కొమ్మ మీద ఉంది. "దిగు, దిగు" అని తెలుగులో అరిచేను, నాకు జపాను మాట అందలేదు. దిగుతా దిగుతా జారిపోయింది. కింద పూలమడికి పెట్టిన ఇటికలున్నాయి. తలకాయ వెనకాల తగిలింది. ఒక్క చిటికె అలాగే నా వేపు చూత్తా కూచుంది, నాకు పై ప్రాణం పైనే పోయింది. అంతలో లేచి, పడవ గుంటలాగే నడుం మీద చేతులేసుకుని "దైజోబు!" అంది. నేను నవ్వేసేను. కస్తూరీ, నేను నవ్వేసేను. తల తడిమితే ఉసిరికాయంత బొప్పి. తడిబట్ట పెట్టేను. వాళ్ళమ్మ కిటికీ వేపు చూసి నా నోటి మీద వేలేసి "నైషో" అంది. సరే, నైషో అన్నాను. సాయంత్రం రెండు రొట్టెలు తినింది.

ఈవేళ కొంచెం నీరసంగా ఉంది, కేసెట్టు వద్దంది. నిన్న గెంతిన గెంతులకి అలిసిపోయింది.

చిలకకి ముద్దులు. దాని మంచానికి మీ బావ నవారు తెచ్చేడు, అల్లుతన్నాడు.

నీ అప్ప
పోలమ్మ


బారిడీహ్
22 సెప్టెంబరు 1986

కస్తూరీ,

మయూమి చచ్చిపోయింది.

శుక్రవారం వాంతులు. వెలుతురు చూడలేకపోయింది. శనివారం తెల్లారి మూర్ఛ వచ్చింది. ఆస్పత్రిలో మెదడువాపు అన్నారు. వానాకాలం ఈ వేపు పిల్లలకి వత్తానే ఉంటాదంట. సోమవారం కలకత్తా తీసుకెల్లిపోయారు. నన్ను తీసుకెల్లలేదు. బుధవారం, విశ్వకర్మ పూజ నాడు, కబురొచ్చింది. వీధులన్నీ మైకులు. దేముడు మా గుమ్మంలో నిలబడి చెప్తంటే వినబడలేదు, రెండోసారి చెప్పించుకున్నాను.

అక్కడే దహనం చేసేశారంట. నాకింక ఆ ఇంట్లో పని లేదు.

ఇంకేటీ రాయలేను.

పోలమ్మ


మథురాకాటి
3 అక్టోబరు 1986

ప్రియమైన అప్పకి,

నీ ఉత్తరం చదివి నేనూ, సింహాచలమ్మ పిన్నీ కూచుని ఏడిసేం. కంటితో చూడని పిల్ల కోసం. చిలకకి ఇంకా చెప్పలేదు. నీ దగ్గరికి రావాలనుంది గాని చిన్నోడికి తట్టు పోసింది, కదలలేకుండా ఉన్నాను. బావని నీ దగ్గరే ఉండమను. తిండి మానకు.

అప్పా, ఒక మాట అడగాలి. ఎలా అడగాలో తెలీక నాలుగు రోజులు ఆలోచించేను. నీ పదకొండో తారీకు ఉత్తరం మళ్ళీ తీసి చదివేను. బుధవారం పిల్ల చెట్టు మీంచి పడిందని రాశావు. తల వెనకాల ఇటికలు తగిలినాయని రాశావు. గురువారం నీరసంగా ఉందని రాశావు. మీ మరిదితో పనిచేసే ఒకాయన కొడుకు మెట్ల మీంచి పడి, రెండు రోజులు బాగానే ఉండి, మూడో రోజు ఇలాగే వాంతులు చేసుకున్నాడు. తలలో నెత్తురు గడ్డ కట్టిందన్నారు. తల కోసి తీశారు. బతికేడు.

ఆ పడిన సంగతి నువ్వు డాక్టర్లకి చెప్పేవు కదా? చెప్పే ఉంటావు. అంత ఏడుపులో నాకు రాయడం మర్చిపోయి ఉంటావు. అదొక్కటీ రాయి, నా మనసు కుదటపడతాది.

నీ చెల్లి
కస్తూరి


బారిడీహ్
20 అక్టోబరు 1986

కస్తూరికి,

చెప్పలేదు.

నువ్వు అడుగుతావని తెలుసు. ఈ లోకంలో ఆ పడిన సంగతి తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. మీ బావకి కూడా తెలీదు. నీకు నవ్వుతా రాసి పంపేను కదా, ఆ ఉత్తరాన్ని దారిలో ఎవరైనా చింపేస్తే బాగుణ్ణని కూడా అనుకున్నాను.

శనివారం ఆస్పత్రిలో జరిగింది చెప్తాను. మయూమి మంచం మీద ఉంది, కళ్ళు సగం మూతలు. మేంసాబ్ నా చెయ్యి పట్టుకుని ఉంది. సాబ్ ప్లాంటు నించి ఇంకా రాలేదు. డాక్టరు మేంసాబ్‌ని ఇంగ్లీషులో ఏటేటో అడిగేడు, ఆమెకి తెలీలేదు. అప్పుడు నా వేపు తిరిగి హిందీలో అడిగేడు.

"ఆయా, బచ్చీ కహీఁ గిరీ థీ క్యా?"

ఎక్కడైనా పడిందా అని. ఎంత తిన్నగా అడిగేడో చూడు. నాకు తెలిసిన బాసలో అడిగేడు. నేను "నహీఁ సాబ్" అన్నాను.

ఎందుకన్నానో ఈ ముప్పై రోజులూ తవ్వుకుంటన్నాను. పోలీసులకి భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అప్పటికి పిల్ల చచ్చిపోతాదని నేను అనుకోలేదు. రెండు రోజుల్లో లేచి కూచుంటాది, అప్పుడు వీళ్ళకి నేను సరిగ్గా చూసుకోలేదని తెలిస్తే ఇంక నన్ను గేటు లోపలికి రానివ్వరు, ఇంకో ఆయా వత్తాది, దాని ఒళ్ళో కూచుంటాది, అనుకున్నాను. అంతే కస్తూరీ. పిల్లని నా దగ్గర్నించి తీసేత్తారని. ఆ పిల్లని నాదిగా ఉంచుకోడానికి ఆ పిల్లనే చంపుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పేత్తాను. దసరా ముందు సాబ్ మనిషి, జపాను మాటలు హిందీలోకి చెప్పే దుబాసీ, మా ఇంటికొచ్చేడు. "ఆ వారంలో పిల్లకి ఏదైనా దెబ్బ తగిలిందా? జాగ్రత్తగా గుర్తు చేసుకో" అన్నాడు. నేను మళ్ళీ లేదన్నాను. మొదటిసారి లేదన్నాక రెండోసారి ఔనని ఎలా అంటాను? ఎందుకడుగుతున్నాడో కూడా అడగలేదు. 

నా దగ్గర ఆ పిల్ల మాటలున్నాయి. పడింది అనే మాట వచ్చు. చెట్టు వచ్చు. తల వచ్చు. డాక్టరుకి కాకపోయినా ఆ తల్లికి, అక్కడే, నా చెయ్యి పట్టుకుని ఉన్న ఆ తల్లికి, ఆమె బాసలోనే మూడు ముక్కలు చెప్పగలను. ఆ ఆస్పత్రి మొత్తంలో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు నువ్వు ఏటన్నా అను.

పోలమ్మ


మథురాకాటి
1 డిసెంబరు 1986

అప్పకి,

నలభై రోజులు నీకు జవాబు రాయలేదు. రాసి చింపేను, మళ్ళీ రాసేను. నీ ఉత్తరం మీ మరిదికి చూపించలేదు. పొయ్యిలో పెట్టేసేను. పదకొండో తారీకుది కూడా.

తిట్టాలనుకున్నాను, తిట్టలేకపోయేను. అమ్మ జ్వరంతో పడుకున్నప్పుడు నన్ను చంకనేసుకుని మోసినది నువ్వు. నీ చంకలో ఉండి నేను ఒక్కసారి కూడా కింద పడలేదు. అది మర్చిపోలేదు.

కానీ తిన్నగా చెప్పేత్తాను, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. చిలకని పంపను. జనవరిలో కాదు, ఎప్పుడూ కాదు. అది పడతాదని కాదు. ఎక్కడున్నా పడతాది. పడ్డాక నాకు నిజం చెప్తావా అని ప్రతి ఉత్తరంలోనూ వెతుక్కోవాలి నేను. బాగున్నాం అని నువ్వు రాత్తే ఆ బాగున్నాం నేను నమ్మలేను. మీ మరిదికి ఏదో సాకు చెప్పేను. చిలక మూడు రోజులు అన్నం తినలేదు. నీ మీద బెంగతో.

ఇంకోటి. ఎల్లి చెప్పు. ఆ తల్లికి ఎల్లి చెప్పు. చెప్తే పిల్ల తిరిగొస్తాదా అంటావు. రాదు. నేను తల్లిని కాబట్టి అంటన్నాను, నాకైతే తెలియాలి. ఆ నిజం నన్ను చంపినా సరే తెలియాలి. వాళ్ళు ఊరొదిలి పోకముందే ఎల్లు.

చెప్పేక నాకు రాయి. చెప్పకపోతే రాయకు.

కస్తూరి


బారిడీహ్
19 డిసెంబరు 1986

కస్తూరికి,

చెప్పేను. అందుకే రాత్తన్నాను.

చిలక సంగతిలో నువ్వు చేసింది సరైంది. నేను ఏడవలేదని చెప్పను. మీ బావకి మాత్రం అంతా చెప్పేసేను, ముందు ఆయనకే చెప్పేను. ఆయన అల్లుతున్న మంచం అలాగే గోడకి నిలబెట్టి, చొక్కా తగిలించుకుని, "పద, నేనూ వత్తాను" అన్నాడు. వద్దన్నాను. గేటు దాకా సైకిలు మీద దింపేడు.

ఆదివారం మధ్యాన్నం. దేముడు గేటు దగ్గరే ఉన్నాడు. "ఎందుకొచ్చేవు వదినా, ఈ ఇల్లు ఇల్లులాగ లేదు" అన్నాడు. అప్పుడు చెప్పేడు. కలకత్తాలో తలకాయ లోపలికి ఫొటో తీశారంట. మెదడువాపు కాదంట. గట్టి దెబ్బ తగిలి లోపల నెత్తురు గడ్డ కట్టిందంట, రెండు రోజులు ముందొస్తే చూసీవోళ్ళం అన్నారంట. సాబ్ ఇంటికొచ్చి మేంసాబ్‌ని అడిగేడు, ఏటి జరిగిందని. ఏటీ జరగలేదంది. ఆయా కూడా ఏటీ జరగలేదంది. ఇంకెవరున్నారు ఇంట్లో? పిల్లని చెంప మీద కొట్టినది ఆయన కళ్ళతో చూశాడు. "నువ్వు ఏటి చేశావు" అని ఒక్క మాట అడిగి, ఆ రోజే గెస్టుహౌసుకి ఎల్లిపోయేడు. మూడు నెలలుగా మాటల్లేవు. బుధవారం ఆమెని ఒక్కదాన్నీ జపాను పంపేత్తన్నాడు. ప్లాంటులో వాళ్ళ మనుషులందరికీ తెలుసంట. ఆమె ముందు తలొంచుకుని పక్కకి తప్పుకుంటారంట.

కస్తూరీ, నాకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. పిల్ల పోయిందని ఒక్కటే నా లెక్క. బతికున్న మనిషి మీద ఆ చావు మోపేనని నాకు తెలీదు.

మేంసాబే తలుపు తీసింది. ఎంత చిక్కిపోయిందో. హాల్లో పెట్టెలు కట్టేసి ఉన్నాయి. బస్సుల్లో తిరిగినప్పుడల్లా, పొయ్యి ముందూ, నీళ్ళ దగ్గరా, ఆ నాలుగు మాటలూ నెమరేసుకుని ఉన్నాను. నోరు తెరిచి "ఒకాసాన్" అన్నాను. అమ్మా అని. మయూమి ఆమెని అలాగే పిలిచీది. నాకు వచ్చిన పిలుపు అదొక్కటే. మేంసాబ్ గోడ పట్టుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. నా దగ్గరున్న జపాను మాటలన్నీ మయూమివే. ఆ పిల్ల ఎక్కడ సాగదీసీదో అక్కడే సాగదీత్తాను, ఎక్కడ గొంతు పైకి లేపీదో అక్కడే లేపుతాను. నేను మాటాడితే ఆమెకి కూతురు మాటాడినట్టుంది. ఆపేద్దామా అనుకున్నాను. ఆపితే ఇంక చెప్పలేను.

"మయూమి, కి కరా ఒచితా" అన్నాను. చెట్టు మీంచి పడిందని. తలకి తగిలింది అనడానికి నాకు మాట రాదు. బొమ్మల్లో ఎవరి తల దేనికి తగిలినా గోన్ అని చప్పుడొత్తాది, అది విని మేమిద్దరం పకపకా నవ్వుకునేవాళ్ళం. నా దగ్గర అదే ఉంది. తల వెనకాల చెయ్యి పెట్టి చూపించి, "అతమా, గోన్" అన్నాను. చచ్చిపోయిన పిల్ల తల్లి ముందు నిలబడి, కస్తూరీ, గోన్ అన్నాను.

ఆమె కళ్ళార్పలేదు. "మో ఇక్కాయ్" అంది.

మళ్ళీ చెప్పేను. గోడ మీద కాలెండరు ఇంకా సెప్టెంబరు నెలే చూపిత్తంది, ఎవరూ తిప్పలేదు. దాని దగ్గరికెల్లి పదో తారీకు మీద వేలు పెట్టేను. ఆమె వచ్చి నా వేలు పక్కనే తన వేలు పెట్టింది. పది, పదకొండు, పన్నెండు, పదమూడు. గడి గడీ జరుపుకుంటా ఎల్లి, ఆస్పత్రికి ఎల్లిన రోజు మీద ఆపింది. అక్కడే ఉంచింది, ఎంతసేపో.

తరవాత తలుపు తీసి దేముడ్ని కేకేసింది. సాబ్‌ని తీసుకురమ్మని. ఆయన వచ్చేదాకా మేమిద్దరం ఆ పెట్టెల మధ్య నిలబడే ఉన్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సాబ్ వచ్చేక ఆమె నన్ను భుజం పట్టుకుని ఆయన ఎదర నిలబెట్టింది. "మో ఇక్కాయ్" అంది. మూడోసారి చెప్పేను. ఆయన మొదట మాట వినలేదు, గొంతు విన్నాడు, నాకు తెలిసింది. మొహం తిప్పేసుకున్నాడు. గోన్ దగ్గరకొచ్చేసరికి ఒక పెట్టె మీద కూలబడ్డాడు. దేముడితో ఇంగ్లీషులో అడిగేడు, దేముడు నాకు తెలుగులో చెప్పేడు.

"ఆస్పత్రిలో డాక్టరు నిన్ను అడిగేడా?"

"అడిగేడు."

"లేదన్నావా?"

"అన్నాను."

"ఎందుకు?"

"పిల్లని నా దగ్గర్నించి తీసేత్తారని" అన్నాను. దేముడు నా వేపు చూశాడు. నన్ను వదినా అని పిలిచిన మనిషి. తరవాత సాబ్‌కి చెప్పేడు, నా వేపు చూడకుండా.

సాబ్ లేచి పెళ్ళాం ముందు నడుం వంచేడు. వంచి అలాగే ఉండిపోయేడు. ఆమె ఆయన వేపు తిరగలేదు. గాలి వీచిందా అన్నట్టుంది. నా దగ్గరికి వచ్చింది. కొడతాదనుకున్నాను. కొట్టమనే తలొంచేను. ఆమె పిల్లకి రాసే సబ్బు వాసన నాకు తగిలేంత దగ్గరగా నిలబడి, మెల్లిగా ఒక మాట అంది. ఒకే ఒక్క మాట. అని లోపలికెల్లి తలుపేసుకుంది.

బుధవారం ఎల్లిపోయింది, ఒక్కతే. సాబ్ స్టేషనుకి వచ్చేడంట. బండి కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడంట. ఆమె చెయ్యి కూడా ఇవ్వలేదని దేముడు మీ బావతో చెప్పేడు. నాతో మాటాడటం మానేశాడు.

ఆమె అన్న మాట దేముడికి తెలీదంట. నేను బతికినన్నాళ్ళూ ఆ మాట నా చెవిలో ఉంటాది, కానీ అది తిట్టో, శాపమో, ఇంకేటో నాకు తెలీదు. ఈ ఐదు రోజులూ కూచుని ఆ కేసెట్లన్నీ మొదట్నించీ చివరి దాకా తలుచుకున్నాను. పడవ గుంట, దాని మామ్మ, ఏటి ఒడ్డున మనుషులు, ఒక్కొక్కరూ ఎక్కడెక్కడ ఏటేటి అన్నారో అన్నీ. ఎవరూ ఆ మాట అనలేదు.

నీ అప్పనని రాసుకోవచ్చో లేదో తెలీని
పోలమ్మ